మోత దాటిన దారి

సోలాపూర్ అంటే మనకు చద్దర్లు. ఆ చద్దర్లు నేసే తెలుగు పేటల నుంచి అరగంట సైకిల్ తొక్కితే చెరువు కట్ట వస్తుంది. ఇంకాస్త తొక్కితే కృష్ణజింకలు తిరిగే గడ్డి బీళ్లు, పొద్దు పైకెక్కేలోపు బాలాఘాట్ కొండలు. లారీల గోల లేని ఆ దారుల ముచ్చట ఈ వారం.

తెల్లవారుజామున అయిదు గంటలకు దత్తనగర్ సందులో సైకిల్ బయటికి తీస్తుంటే బావ ఏదో అన్నాడు. నాకు వినపడలేదు. పక్క కార్ఖానాలో రాత్రి పాళీ ఇంకా దిగలేదు. గోడ అవతల తువ్వాళ్లు నేసే మరమగ్గాలు టకటకలాడుతుంటే మనిషి గొంతు రెండడుగులు కూడా పోదు. బావ మళ్లీ చెప్పే పని పెట్టుకోలేదు. నా సైకిల్ వైపు వేలు చూపించి, బొటనవేలితో నొక్కినట్టు చేశాడు. టైర్లలో గాలి చూసుకోమంటున్నాడని నొక్కి చూసుకున్నాను. గాలి బాగానే ఉంది. తలూపాను. బయల్దేరాం.

అశోక్ చౌక్ దగ్గర టీ బండివాడు అప్పుడే స్టవ్ ముట్టిస్తున్నాడు. పాత తుల్జాపూర్ నాకా వెనకబడింది. ఇళ్లు పలచబడ్డాయి. హైవే వదిలి చెరువు వైపు తిరిగాక ఎక్కడో ఆ మోత ఆగిపోయింది. ఆగిందన్న సంగతి వెంటనే తెలియలేదు. ముందు నా సైకిల్ చైను కిర్రుకిర్రుమనడం వినపడింది. తర్వాత జొన్న చేలో ఏదో పిట్ట. ఆ తర్వాత పక్కనే తొక్కుతున్న బావ ఊపిరి.

"ఇప్పుడినవడుతున్నదా?" అన్నాడు బావ నవ్వుతూ. "ఇందాక నేనన్నది గాలి ముచ్చట గాదు బావా. చైనుకు నూనె ఏసుకో అన్న."

ముప్పయ్యేళ్లు మగ్గాల మధ్య తిరిగిన మనిషికి సగం భాష చేతుల్లోకి దిగుతుంది. ఆ చేతుల భాష నాకు రాదు. మాది సిరిసిల్ల. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. సాంచాల ఊళ్లోనే పుట్టినా నేను కాగితాల పనిలో పడ్డాను, బావ మగ్గం దగ్గరే ఉండిపోయాడు. ఆదివారం పొద్దున ఈ దారుల వెంట వెళ్లడం ఆయనకు వ్యాయామమూ కాదు, సరదా కూడా కాదు. ఆయన మాటల్లో చెప్పాలంటే "చెవులు కడుక్కునుడు".

పూర్వ భాగ్

సోలాపూర్ తూర్పు సగాన్ని అక్కడ పూర్వ భాగ్ అంటారు. సాఖర్ పేఠ్, జోడ్‌భావి పేఠ్, భద్రావతి పేఠ్, కన్నా చౌక్, అశోక్ చౌక్, దత్తనగర్, నీలంనగర్. దుకాణం మీద బోర్డు మరాఠీలో ఉంటుంది, లోపల బేరం తెలుగులో సాగుతుంది. ఆ తెలుగులో కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు యాసలు కలిసి, మధ్యమధ్య మరాఠీ మాటలు పడుగులో పేకలా దూరి ఉంటాయి. శ్రావణ పౌర్ణమికి మార్కండేయుడి రథం కదులుతుంది. దసరాకు ముందు వాకిళ్లలో బతుకమ్మలు లేస్తాయి.

వీళ్ల పూర్వీకులు పందొమ్మిదో శతాబ్దంలో నిజాం రాజ్యం నుంచి ఇటు వచ్చారు. ఎక్కువమంది పద్మశాలీలు. కరవు తరిమితే కొందరు, పని పిలిస్తే కొందరు. 1870లలో ఇక్కడ మొదటి బట్టల మిల్లు లేచింది. సోలాపూర్ స్పిన్నింగ్ అండ్ వీవింగ్ కంపెనీ దాని అసలు పేరు, ఊరి నోట్లో మాత్రం జూనీ మిల్లు. ఆ దశాబ్దంలోనే, 1876 నుంచి 1878 దాకా, దక్కన్‌ను మహా కరవు ఊడ్చేసింది. తర్వాత మరికొన్ని మిల్లులు వచ్చాయి, కార్మికుల పేటలు పెరిగాయి. 1930 మేలో గాంధీగారి అరెస్టు వార్త విని ఈ మిల్లు కార్మికుల ఊరు తిరగబడింది, బ్రిటిష్ ప్రభుత్వం మార్షల్ లా పెట్టింది. 1931 జనవరి 12న మల్లప్ప ధన్‌శెట్టి, కిసన్ సార్డా, జగన్నాథ్ శిందే, కుర్బాన్ హుసేన్‌లను ఉరితీశారు. వాళ్ల పేరనే నగరంలో చార్ హుతాత్మా చౌక్ ఉంది.

పెద్ద మిల్లులన్నీ ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మిగిలింది ఇళ్ల పక్కన, ఇళ్ల వెనక, ఇళ్ల కిందే నడిచే మరమగ్గాల కార్ఖానాలు. జకార్డు పువ్వుల చద్దరూ, టెర్రీ తువ్వాలూ వాటి సరుకే. రెండిటికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగవాళ్లు మగ్గాల దగ్గరుంటే, వేలాది ఆడవాళ్లు గడపల్లో కూర్చుని బీడీలు చుడతారు.

ఈ ఊరికి సైకిల్ కొత్త కాదు. బావ వాళ్ల నాయన దగ్గర ర్యాలీ సైకిల్ ఉండేది. ఆ పేరు ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ నగరంలో పుట్టింది, మన ఇళ్లల్లో మాత్రం ఇంటి మనిషి పేరులా మెలిగింది. దాని క్యారియర్ మీద తువ్వాళ్ల కట్టలు పోయేవి, నూలు మూటలు వచ్చేవి. పాళీ ఎక్కడానికీ అదే, పాళీ దిగడానికీ అదే. అయితే ఆ చక్రాలు ఇంటి నుంచి కార్ఖానాకు, కార్ఖానా నుంచి బజారుకు తిరిగాయే తప్ప ఊరి పొలిమేర దాటింది తక్కువ. పొలిమేర అవతలి నల్లరేగడి మరాఠీ, కన్నడ రైతులది. అటు మనకు చేను లేదు, చుట్టం లేడు, పని లేదు. దేవుడి కోసం వెళ్తే, ఏడాదికి ఒక రాత్రి నడక తప్ప, ఎర్ర బస్సులోనే వెళ్లొచ్చేవాళ్లు. తరాలు గడిచినా ఊరి చుట్టూ ఉన్న నేల మనవాళ్లకు బస్సు కిటికీలోంచి కనిపించే బొమ్మగానే మిగిలింది.

మైలురాయి తల చూడండి

సోలాపూర్ నుంచి ఎటు పోవాలన్నా ముందు హైవే ఎదురవుతుంది. పుణె నుంచి హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం పోయే 65వ నంబరు రోడ్డు ఊరిని తాకుతూ పోతుంది. తుల్జాపూర్ వైపు నుంచి వచ్చి విజాపూర్ వైపు దిగే 52 ఇంకొకటి. రత్నగిరి నుంచి వచ్చే 166 ఇక్కడే ఆగుతుంది. వీటి అంచున సైకిల్ తొక్కడం సాధ్యమే. దాన్ని షికారు అనలేం. వెనక లారీ హారన్, పక్కన కంటైనర్ గాలి, మధ్యలో మన ప్రాణం.

సైకిల్ మనిషికి కావలసిన దారిని రంగును బట్టి పోల్చుకోవచ్చు. కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి. ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. నలుపో నీలమో ఉంటే జిల్లా రోడ్డు. నారింజ రంగు కనిపించిందా, అది ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె దారి. 2000లో మొదలైన ఆ పథకం రైతుల బండ్ల కోసం, పిల్లల బడి కోసం వేసిన సన్నని తారు రోడ్లు సైకిల్ వాళ్లకు వరంలా దొరికాయి. ఊరికీ ఊరికీ మధ్య నాలుగైదు కిలోమీటర్లు, రెండు పక్కలా తుమ్మ చెట్లు, ఎదురుగా ఒక ఎడ్లబండి, ఒక పాల బైకు.

బావ సూత్రం ఇంకా సులువు. రోడ్డు మీద మేక పడుకుని ఉంటే ఆ రోడ్డు మంచిదని.

మొదటి దారి: హిప్పర్గా కట్ట

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే సరైనది. నగరానికి ఈశాన్యంగా సుమారు 8 కిలోమీటర్లు. అధేలా వాగుకు అడ్డంగా బ్రిటిష్ వాళ్లు 1871లో పూర్తి చేసిన మట్టికట్ట చెరువు ఇది. రికార్డుల్లో ఏక్‌రూఖ్ చెరువు, జనం నోట్లో హిప్పర్గా తలావ్. కట్ట పొడవు రెండు కిలోమీటర్లు దాటుతుంది. ఎత్తు 20 మీటర్ల పైమాటే. వర్షం మొహం చాటేసే ఈ నేలలో ఇంత నీటిని ఒక్కచోట చూడటం కంటికి పండగ.

చలికాలంలో ఉత్తరాది నుంచి వలస పక్షులు దిగుతాయి. కట్ట దగ్గర సైకిల్ ఆపి కూర్చుంటే నీటి మీద రెక్కలు కొట్టుకునే చప్పుడు ఇటువైపుకు వినపడుతుంది. ఒక ఆదివారం అక్కడ బావ గంటసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆకలేస్తోందా అని అడిగాను. "ఆగు, ఇంకింతసేపు ఇననీ" అన్నాడు.

మరమగ్గం షెడ్డులో మోత 90 డెసిబెల్స్ దాటడం మామూలు. ఎనిమిది గంటల పనికి మన ఫ్యాక్టరీ నియమాలు గీసిన హద్దే 90. పాళీ ఎనిమిది గంటలకు ఆగే కార్ఖానాలు ఎన్ని ఉంటాయో నేత పేటల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏళ్ల తరబడి ఆ మోతలో ఉన్న చెవి ముందు సన్నని శబ్దాలను పోగొట్టుకుంటుంది. పిట్ట కూత, పసిపిల్ల మాట, ప్రెషర్ కుక్కర్ ఈల. చెవికి వారానికి ఒక పూట విశ్రాంతి ఇవ్వడం పోయిన వినికిడిని తిరిగి తేదు. ఉన్నదాన్ని కాస్త నిలబెట్టుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

రెండో దారి: నాన్నజ్ గడ్డి బీళ్లు

ఉత్తరాన బార్శీ రోడ్డు మీద 20 కిలోమీటర్ల దూరంలో నాన్నజ్. నేల ఇక్కడ సముద్రపు అలలా లేచి పడుతుంటుంది. ఎత్తు అనిపించని ఎత్తు, పల్లం అనిపించని పల్లం. గేరు లేని సైకిలైనా చాలు, తొడలు మాత్రం సాయంత్రానికి లెక్క అడుగుతాయి. బీడు నేలను మరాఠీలో మాళ్ అంటారు. ఆ మాళ్ మీద తిరిగే పక్షి మాళ్‌ఢోక్. మనం బట్టమేక పిట్ట అంటాం. కర్నూలు వైపు రోళ్లపాడు వెళ్లినవాళ్లకు ఈ పేరు తెలుసు.

బట్టమేక కోసం 1979లో ఇక్కడ అభయారణ్యం ప్రకటించారు. మొదట 8,496 చదరపు కిలోమీటర్లు. ఊళ్లూ పట్టణాలూ అన్నీ అందులోనే పడ్డాయి. జనం గొడవపెట్టారు. తర్వాత దాన్ని సుమారు 1,222 చదరపు కిలోమీటర్లకు కుదించారు. మనిషి నడుం దాకా వచ్చే ఆ పెద్ద పక్షి ఇప్పుడు కనిపించడం మహా అరుదు. దేశం మొత్తం మీద మిగిలినవే నూటయాభై లోపు అంటారు, అందులోనూ దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే. చేలుగా మారిన బీళ్లు కొంత, కరెంటు తీగలు కొంత దాన్ని మింగేశాయి.

బట్టమేక కనిపించకపోయినా వచ్చినవాళ్లు ఒట్టి చేతులతో పోరు. కృష్ణజింకల మంద రోడ్డు దాటుతుంటే సైకిల్ మీద ఒక కాలు దించి నిలబడి చూడటానికి టికెట్ లేదు. కారు చప్పుడుకు అవి పారిపోతాయి. సైకిల్‌ను మాత్రం ఒక క్షణం ఆలోచించి చూస్తాయి. బీళ్లలో తోడేళ్లూ ఉన్నాయి. వాటికన్నా గొర్రెల మందల కాపలా కుక్కలతోనే జాగ్రత్త. కుక్క వెంటపడితే దిగి, సైకిల్‌ను మధ్యలో పెట్టుకుని నడవాలి. తొక్కి పారిపోదామనుకుంటే గెలిచేది కుక్కే. అటవీ శాఖ అనుమతి లేకుండా తారు రోడ్డు దిగి గడ్డిలోకి పోకూడదు.

మూడో దారి: రెండు నదుల కూడలి

దక్షిణాన సుమారు 40 కిలోమీటర్లు పోతే హత్తర్‌సంగ్ కుడల్. సీనా నది వచ్చి భీమాలో కలిసే చోటు. మంద్రూప్ దాకా పెద్ద రోడ్డు రద్దీ భరించాలి, అది దాటాక పల్లె దారులే. నేల చదును. చెరకు, జొన్న, మధ్యమధ్య దానిమ్మ తోటలు. సోలాపూర్ దానిమ్మకూ, ఈ జిల్లాలోని మంగళవేఢా జొన్నకూ భౌగోళిక గుర్తింపు ఉంది.

కూడలి దగ్గర సంగమేశ్వర, హరిహరేశ్వర ఆలయాలు. శక సంవత్సరం 940, అంటే క్రీస్తు శకం 1018 నాటి శాసనం ఇక్కడ దొరికింది. మరాఠీ భాషలో దొరికిన తొలి శాసనాల్లో ఒకటని దానికి గౌరవం. లింగం చుట్టూ చిన్న చిన్న ముఖాలు చెక్కిన బహుముఖ లింగం మరో వింత. ముఖాలు 359 అని లెక్క. భీమా అవతలి గట్టు కన్నడ నేల. మరాఠీకి పాత ఆనవాలు దొరికిన చోట, కన్నడ నేలను చూస్తూ, తెలుగులో మాట్లాడుకుంటూ ఇద్దరం జొన్నరొట్టె తిన్నాం.

రొట్టె సంగతి ఇక్కడే చెప్పాలి. సోలాపూర్ కడక్ భాకరి సైకిల్ యాత్రకు పుట్టిన తిండి. అప్పడంలా ఎండిన జొన్నరొట్టె రోజుల తరబడి పాడవదు. దానితో శేంగా చట్నీ, అంటే రోట్లో దంచిన పల్లీల పొడి. ఒక డబ్బాలో రెండూ పెట్టుకుంటే దారిలో హోటల్ లేదన్న బెంగ ఉండదు.

నాలుగో దారి: బాలాఘాట్ ఎక్కుడు

ఇక కొండలు. సోలాపూర్ నుంచి తుల్జాపూర్ 45 కిలోమీటర్లు. సోలాపూర్ కన్నా తుల్జాపూర్ సుమారు 200 మీటర్లు ఎత్తున బాలాఘాట్ కొండల అంచున కూర్చుని ఉంటుంది. హిప్పర్గా, తామల్‌వాడి మీదుగా పోయేది నాలుగు వరసల హైవే. అందుకే తెల్లవారకముందే ఎక్కడం మొదలుపెట్టాలి, లేదా తుల్జాపూర్ దాకా ఎర్ర బస్సు మీద సైకిల్ వేసుకుని పోవాలి.

ఏడాదిలో ఒక్క రాత్రి మాత్రం ఈ హైవే కూడా చప్పుడు మానేస్తుంది. ఆశ్వయుజ పౌర్ణమి, అక్కడి మాటలో కోజాగిరి. ఆ రాత్రి సోలాపూర్ నుంచి భవానీ అమ్మవారి దగ్గరికి వేలాదిమంది కాలినడకన పోతారు. వాళ్ల కోసం పోలీసులు వాహనాలను వేరే దారులకు మళ్లిస్తారు. పూర్వ భాగ్ నుంచి కుటుంబాలకు కుటుంబాలే కదులుతాయి. చేతిలో నీళ్ల సీసా, భుజం మీద చద్దరు. మా అక్క బావను పెళ్లి చేసుకున్న కొత్తలో అలా నడిచే తుల్జాపూర్ చూసింది. లారీలు లేని రోడ్డు ఎలా ఉంటుందో సోలాపూర్ నేత కార్మికుడికి ఎవరూ వర్ణించి చెప్పక్కర్లేదు. ఏటా ఒక రాత్రి దాని మీద నడుస్తూనే ఉన్నాడు.

తుల్జాపూర్ చివరి ఎక్కుడులో నేను దిగి సైకిల్ నెట్టుకుంటూ నడిచాను. బావ గేరు లేని పాత సైకిల్ మీదే వంకరటింకరగా తొక్కుతూ పైకి చేరి నాకోసం గట్టు మీద కూర్చున్నాడు. సిగ్గుపడాల్సిందేమీ లేదు. ఇంగ్లండ్‌లో 1878లో హారోగేట్ పట్టణంలో సైకిల్ యాత్రికులు ఒక సంఘం పెట్టుకున్నారు. ప్రమాదకరమైన వాలుల దగ్గర హెచ్చరిక బోర్డులు నాటించిన ఘనతలో ఆ సంఘానికీ వాటా ఉంది. కొండల దగ్గర సైకిల్ దిగి నడవడం మర్యాదే అని నూటయాభై ఏళ్ల కిందటే తేలిపోయింది.

తుల్జాపూర్ నుంచి నల్‌దుర్గ్ సుమారు 35 కిలోమీటర్లు. ఈ కథనం మొత్తంలో నాకు నచ్చిన దారి ఇదే. కొండ వెన్ను మీద సాగుతూ మెల్లగా కిందికి దిగుతుంది. నల్లరాతి గుట్టలు, వాటి మీద తలవెంట్రుకల్లా పసుపుపచ్చ గడ్డి, లోయల్లో జొన్న. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అదే గుట్ట ఆకుపచ్చగా మారిపోయి, ఇది మహారాష్ట్రేనా అనిపిస్తుంది. రోడ్డును వెడల్పు చేస్తున్నారు కాబట్టి ఈ ప్రశాంతత ఎన్నాళ్లు ఉంటుందో భవానీ అమ్మకే ఎరుక.

ఈ కొండలను రాతలో పెట్టినవాడు ఒక ఆంగ్లేయుడు. లివర్‌పూల్‌లో పుట్టిన ఫిలిప్ మెడోస్ టేలర్. 1853లో నిజాం నల్‌దుర్గ్ జిల్లాను కంపెనీకి అప్పగించాక దాని పాలన ఆయన చేతికి వచ్చింది. ఈ నేల ఆయన మనసులో ఎంత నిలిచిందంటే, 1863లో వచ్చిన 'తారా' నవలకు తుల్జాపూర్, నల్‌దుర్గ్‌లనే రంగస్థలం చేశాడు.

నల్‌దుర్గ్ కోటను బోరీ నది చుట్టుకుని పోతుంది. రెండో ఇబ్రహీం ఆదిల్‌షా కాలంలో నదికి అడ్డంగా రాతి ఆనకట్ట కట్టి, ఆ ఆనకట్ట కడుపులోనే గదులు పెట్టారు. దాని పేరు పానీ మహల్. వానాకాలం నీళ్లు కట్ట మీదుగా పొంగి దూకుతుంటే, లోపల నిలబడినవాళ్లు ఆ నీటి తెరను వెనక నుంచి చూస్తారు. నీళ్లు దూకే రెండు పాయలకు నర్, మాదీ అని పేర్లు. అంటే మగ, ఆడ.

తెలుగువాళ్లకు నల్‌దుర్గ్ మరో కారణంతో గుర్తుండాలి. 1948 సెప్టెంబరు 13 తెల్లవారుజామున భారత సైన్యం ప్రధాన దళం సోలాపూర్ నుంచి హైదరాబాద్ వైపు కదిలింది ఈ రోడ్డు మీదే. సారథి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి. మొదటి రోజే నల్‌దుర్గ్ కోట, బోరీ మీది వంతెన చేతికి చిక్కాయి. అయిదో రోజుకు నిజాం లొంగిపోయాడు. పూర్వ భాగ్ తాతలు వదిలి వచ్చిన రాజ్యం ఆ రోడ్డు మీద ముగిసింది. ఇప్పుడది 65వ నంబరు హైవే. నల్‌దుర్గ్ నుంచి ఇట్కళ్, బోరామణి మీదుగా సోలాపూర్ తిరుగు దారి 45 కిలోమీటర్లు. మొత్తం చుట్టు 125. ఒక్క రోజులో పూర్తి చేయాలన్న పంతం వద్దు. నల్‌దుర్గ్‌లో రాత్రి ఆగి, మర్నాడు పొద్దున్నే బయల్దేరితే ఒంటికీ మంచిది, ప్రాణానికీ మంచిది.

లాంకషైర్ కొండ మీద టీ కొట్టు

మగ్గాల మోత నుంచి సైకిలెక్కి కొండల్లోకి పోయినవాళ్లలో మనం మొదటివాళ్లం కాదు. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లు బట్ట మన మగ్గాల పొట్ట కొట్టిందని బడిలో చదువుకున్నాం. నిజమే. అయితే ఆ మిల్లుల్లో పనిచేసినవాళ్లూ నేతగాళ్లే. మగ్గాల మోతలో మాట వినపడక, పెదవులు సాగదీసి కదుపుతూ మాట్లాడుకోవడం అక్కడి ఆడకూలీలకు అలవాటు. దానికి మీ-మా అని పేరు కూడా పెట్టుకున్నారు. మా బావ చేతుల భాషకు అది దూరపు చుట్టం.

ఆ నేతగాళ్లు ఆదివారాలు ఏం చేశారన్నది మనం బడిలో చదవలేదు. 1894లో బర్మింగ్‌హామ్‌లో సోషలిస్టు పత్రిక 'క్లారియన్' పేరు మీద కార్మికుల సైకిల్ క్లబ్బు పుట్టింది. ఊరూరా శాఖలు లేచాయి. వారమంతా పొగగొట్టాల కింద బతికినవాళ్లు సెలవు రోజున సైకిళ్లెక్కి కొండల్లోకి పోయారు. పెండిల్ కొండ కింద నెల్సన్ అని ఒక నేత పట్టణం ఉంది. ఆ పట్టణం శివార్లలో 1912లో కార్మికులు ఒక విడిది కట్టుకున్నారు. నేత కార్మికుల సంఘం అప్పు ఇచ్చింది. దాని పేరు క్లారియన్ హౌస్. సైకిల్ మీద వచ్చినా, నడిచొచ్చినా అక్కడ పెద్ద చెంబంత కప్పులో టీ పోస్తారు. నెల్సన్ మిల్లుల కాలం పోయింది. టీ కొట్టు మాత్రం నేటికీ ఆదివారాలు తెరుస్తూనే ఉన్నారు.

ఇంగ్లండ్‌లో అంతా సవ్యంగా ఉందని చెప్పడం లేదు. అక్కడ జాతీయ సైకిల్ దారుల వలను చూసుకునే సంస్థ 2020లో, కార్ల రద్దీ వల్ల భద్రత లేదంటూ, ఆ వలలో దాదాపు నాలుగో వంతును జాబితా నుంచి తీసేసింది. సన్న దారుల్లో సైకిళ్లకూ, నడిచేవాళ్లకూ, గుర్రాలకూ చోటు మిగలాలని 2000 నాటి రవాణా చట్టంలో క్వయిట్ లేన్ అనే ఏర్పాటు పెట్టుకున్నారు. దారి దానంతట అది ప్రశాంతంగా ఉండదని, ఉంచుకోవాలని వాళ్లకు తెలిసొచ్చింది.

దారి పట్టే ముందు

కాలం: నవంబరు నుంచి ఫిబ్రవరి మేలు. ఏప్రిల్, మే ఎండలకు సోలాపూర్ రోడ్డు పెనం. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి బలంగా వీస్తుంది. అప్పుడు పోయేటప్పుడు గాలికి ఎదురు, వచ్చేటప్పుడు గాలి వాలు ఉండేలా దారి ఎంచుకోవాలి. అలిసిన కాళ్లకు గాలి సాయం అవసరం.

చెరకు: చలికాలమే చెరకు ఆడే కాలం కూడా. జిల్లాలో చక్కెర ఫ్యాక్టరీలు ఎక్కువ. రెండు ట్రాలీలు తగిలించుకున్న ట్రాక్టర్లు పల్లె దారుల్లోకి వస్తాయి. వెనక ట్రాలీ ఊగుతుంటుంది, దానికి లైటు ఉండకపోవచ్చు. ట్రాక్టర్ వస్తుంటే రోడ్డు దిగి నిలబడటమే తెలివి.

తుమ్మ ముల్లు: పంక్చరు తప్పదు. మట్టి అంచుల్లోకి దిగితే ఇంకా తప్పదు. ఒక ట్యూబు, పంపు, ప్యాచీలు దగ్గర ఉంచుకోండి. పల్లెల్లో సైకిల్ షాపులు తగ్గిపోయి, ఉన్నవి బైకు షాపులయ్యాయి.

నీళ్లు: మనిషికి రెండు లీటర్లకు తగ్గొద్దు. గుడి కనిపిస్తే నీళ్లు దొరుకుతాయి.

మొదటి ఆదివారమే తుల్జాపూర్ ఎక్కొద్దు. నెల రోజులు హిప్పర్గా, తర్వాత నాన్నజ్, ఆ తర్వాత కొండ.

ఒక రేకుల షెడ్డు చాలు

హిప్పర్గా నుంచి తిరిగొస్తూ నెల్సన్ సంగతి బావకు చెప్పాను. కాసేపు మాట్లాడకుండా తొక్కి, "మనోళ్లు గంతకన్న పెద్దయే కట్టిండ్రు గద బావా" అన్నాడు. ఆయన అన్నది నిజం. సోలాపూర్ శివార్లలోని కుంభారిలో బీడీ కార్మికుల కోసం 10,000 ఇళ్ల కాలనీ 2006లో లేచింది. నర్సయ్య ఆడం నాయకత్వంలో కార్మికులు ఏళ్ల తరబడి కొట్లాడి తెచ్చుకున్న ఇళ్లు అవి. అక్కడే రే నగర్‌లో మరో 15,000 ఇళ్లు 2024 జనవరిలో కార్మికుల చేతికి వచ్చాయి. బడులు కట్టుకున్నారు, కాలేజీలు కట్టుకున్నారు, మార్కండేయుడి గుడి కట్టుకున్నారు.

అన్ని ఇళ్లు సాధించుకున్నవాళ్లకు చెరువు దగ్గర ఒక రేకుల షెడ్డు లెక్కలోది కాదు. పద్మశాలి సంఘాలకు, కార్మిక యూనియన్లకు, యజమానుల సంఘాలకు కూడా విన్నపం ఒక్కటే. హిప్పర్గా దగ్గర ఆదివారం పొద్దున నాలుగు గంటలు తెరిచే ఒక టీ కొట్టు పెట్టండి. ఒక స్టవ్, రెండు బల్లలు, ఒక గాలి పంపు, ఒక నూనె డబ్బా. మూలన పడ్డ పాత సైకిళ్లు ఇంటికొకటి ఉన్నాయి, వాటిని బాగు చేయించడానికి ఒక మెకానిక్. బీడీలు చుట్టి చుట్టి నడుం పట్టేసిన అక్కలూ రావాలి. అందుకని నడిచొచ్చేవాళ్లకూ, బస్సు దిగి వచ్చేవాళ్లకూ అదే టీ పోయాలి.

జిల్లా పరిషత్తును అడగాల్సింది ఇంకా చిన్నది. పల్లె రోడ్డు మొదట్లో ఒక బోర్డు, సైకిళ్లు తిరుగుతాయి, మెల్లగా పోండి అని. మరాఠీలో, కన్నడంలో, తెలుగులో.

ఆ షెడ్డు లేచేదాకా ఆగనక్కర్లేదు. హిప్పర్గా 8 కిలోమీటర్లే. వచ్చే ఆదివారం మూలన ఉన్న సైకిల్ తీయండి. చైనుకు నూనె వేసి మరీ తీయండి.